ఎలక్ట్రిక్ కారుకు పోర్టబుల్ హోమ్ ఛార్జర్: 16 ఆంపియర్లది చాలా, 32 ఆంపియర్లది కావాలా?

ప్రశ్న: కొత్తబండి

ఎలక్ట్రిక్ కారు బుక్ చేశాను, త్వరలో చేతికి వస్తుంది. ఉంటున్నది అద్దె ఇల్లు కాబట్టి గోడకు ఛార్జర్ బిగించుకునే ఉద్దేశం లేదు. ఇల్లు మారినప్పుడు వెంట తీసుకుపోవడానికి వీలుగా ఉండే పోర్టబుల్ ఛార్జర్ కొనుక్కుందామని చూస్తున్నాను. కారుతో పాటు ఇచ్చేది 10 ఆంపియర్లకు మించి ఇవ్వదట. విడిగా అమ్మేవాటిలో 16 ఆంపియర్లవి, 32 ఆంపియర్లవి, త్రీ ఫేజ్‌వి, తెర ఉన్నవి, ఫోనుతో నడిపేవి ఇలా ఎన్నో రకాలు కనిపిస్తున్నాయి. ఒక్కొక్క దాని వివరాలు చదివిన కొద్దీ అయోమయం పెరుగుతోందే తప్ప తేలడం లేదు.

నా పరిస్థితి ఇది. బ్యాటరీ 40 యూనిట్లది, కారులోని ఆన్‌బోర్డ్ ఛార్జర్ 7.2 కిలోవాట్లది, సింగిల్ ఫేజ్. రోజుకు 50 కిలోమీటర్ల వరకు తిరుగుతాను. కారు నిలిపే చోట 230 వోల్టుల సరఫరాతో 16 ఆంపియర్ల సాకెట్ ఒకటి ఉంది. అది మీటరు బోర్డుకు సుమారు 20 మీటర్ల దూరంలో ఉంటుంది. ఎలాగూ డబ్బు పెడుతున్నాం కదా, 32 ఆంపియర్లదే తీసుకుని అవసరాన్ని బట్టి తగ్గించి వాడుకోవడం మంచిదా? లేక త్రీ ఫేజ్ 11 కిలోవాట్లది తీసుకుంటే రేపు మరో కారుకు కూడా పనికి వస్తుందా? కొనేముందు వేటిని చూడాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: పైలట్‌తీగ

మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మనం పోర్టబుల్ ఛార్జర్ అని పిలిచే ఈ పెట్టె నిజానికి బ్యాటరీని ఛార్జ్ చేయదు. ఏసీ కరెంటును డీసీగా మార్చి బ్యాటరీకి ఎక్కించే పని కారు లోపల ఉన్న ఆన్‌బోర్డ్ ఛార్జర్‌దే. బయట పెట్టె చేసేవి రెండే పనులు. తన గుండా గరిష్ఠంగా ఎంత కరెంటు తీసుకోవచ్చో కారుకు చెప్పడం ఒకటి, ఎక్కడైనా లీకేజీ గానీ ఎర్త్ లోపం గానీ కనిపిస్తే వెంటనే సరఫరా తెంచేయడం రెండోది. అందుకే తెర ఎంత పెద్దది, యాప్ ఎంత బాగుంది అన్నవాటి కన్నా ఈ రెండు పనులను ఎంత నమ్మకంగా చేస్తుందన్నదే చూడవలసిన విషయం.

కారుకు చెప్పడం ఎలాగంటే, కేబుల్‌లో కంట్రోల్ పైలట్ అనే సన్నని తీగ ఒకటి ఉంటుంది. దాని మీద సెకనుకు వెయ్యిసార్లు ప్లస్ 12, మైనస్ 12 వోల్టుల మధ్య మారే సంకేతం నడుస్తుంది. ఆ సంకేతం ఎంత శాతం సేపు పై స్థాయిలో ఉన్నదన్నదే కారు చదువుకునే లెక్క. 10 శాతం ఉంటే 6 ఆంపియర్లు, 50 శాతం ఉంటే 30 ఆంపియర్లు తీసుకోవచ్చని అర్థం. కారు ఛార్జింగుకు సిద్ధమయ్యాక అదే తీగ మీద పై వోల్టేజీ 6 వోల్టులకు దిగుతుంది, అప్పుడే పెట్టెలోని రిలే, అంటే సరఫరాను కలిపే, తెంచే స్విచ్, కలుస్తుంది. కారుకు పెట్టని గన్‌ను, అంటే కేబుల్ చివర కారులో గుచ్చే ప్లగ్‌ను, చేత్తో పట్టుకున్నప్పుడు దాని పిన్నుల్లో 230 వోల్టులు ఉండకపోవడానికి కారణం ఇదే.

దీన్ని బట్టి మీ మొదటి ప్రశ్న తేలిపోతుంది. పెట్టె చెప్పిన పరిమితి, ఆన్‌బోర్డ్ ఛార్జర్ శక్తి, కారు మెనూలో మీరు పెట్టుకున్న పరిమితి, ఈ మూడింటిలో ఏది తక్కువైతే అంతే కరెంటు ప్రవహిస్తుంది. 3.3 కిలోవాట్ల ఆన్‌బోర్డ్ ఛార్జర్ ఉన్న కారుకు 32 ఆంపియర్ల పెట్టె పెట్టినా పైసా ప్రయోజనం ఉండదు. మీది 7.2 కిలోవాట్లది కాబట్టి 32 ఆంపియర్లు వాడుకోగలదు, కానీ అంత కరెంటు ఇవ్వగల సాకెట్ మీ దగ్గర లేదు.

త్రీ ఫేజ్ సంగతి మరీ చిత్రమైనది, ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. 11 కిలోవాట్ల పెట్టె అంటే ఒక్కొక్క ఫేజ్‌లో 16 ఆంపియర్లు ఇచ్చేది. మీ కారు సింగిల్ ఫేజ్‌ది కాబట్టి అందులో ఒక్క ఫేజ్‌ను మాత్రమే వాడుకుంటుంది. అంటే 11 కిలోవాట్లని రాసి ఉన్న పెట్టె నుంచి మీకు అందేది 3.7 కిలోవాట్లు. దాని కన్నా సింగిల్ ఫేజ్ 32 ఆంపియర్ల పెట్టె మీ కారుకు రెట్టింపు వేగం ఇస్తుంది. రాబోయే కారు కోసం ఇప్పుడే త్రీ ఫేజ్‌ది కొనడం నాకు సబబుగా తోచదు.

జవాబు: వైరింగ్‌మేస్త్రి

పై జవాబులో చెప్పినది సరైనదే, అయితే నా దృష్టిలో ఎంపిక మొదలు కావలసింది పెట్టె దగ్గర కాదు, గోడ దగ్గర. ఇళ్లల్లో వైరింగ్ పని చేసేవాడిని కాబట్టి కాలిపోయిన సాకెట్లను తరచుగా చూస్తుంటాను. వాటిలో పెట్టె చెడిపోయి జరిగినవి అరుదు. సాకెట్ లోపల స్క్రూ వదులై గానీ, ప్లగ్ పిన్నును పట్టుకునే ఇత్తడి రేకులు సాగిపోయి గానీ జరిగినవే ఎక్కువ.

గీజరు కూడా 16 ఆంపియర్ల సాకెట్ మీదే కదా నడుస్తోంది, కారుకు ఏమవుతుందని అడుగుతారు. గీజరు పావుగంటో అరగంటో నడిచి ఆగుతుంది, ఆ లోపు వేడెక్కిన సాకెట్ మళ్లీ చల్లబడుతుంది. కారు రాత్రంతా ఎడతెరిపి లేకుండా లాగుతుంది. పైగా వేడి కరెంటుతో సమానంగా పెరగదు, కరెంటు వర్గంతో పెరుగుతుంది. వదులైన ఒక స్క్రూ దగ్గర 0.1 ఓము నిరోధం ఏర్పడిందనుకోండి. 10 ఆంపియర్ల దగ్గర అక్కడ పుట్టే వేడి 10 వాట్లు, 16 ఆంపియర్ల దగ్గర దాదాపు 26 వాట్లు. ప్లాస్టిక్ సాకెట్ వెనక ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్‌ను గంటల తరబడి ఆన్ చేసి వదిలేసినట్టు అవుతుంది. అదే చోట 32 ఆంపియర్లు పంపితే వంద వాట్లు దాటుతుంది.

కాబట్టి 32 ఆంపియర్ల పెట్టె కొని, దానికి చిన్న సాకెట్‌లో పట్టే అడాప్టర్ తగిలించి, బటన్‌తో 16కు తగ్గించి వాడుకుందామనే ఆలోచన గురించి కొంచెం జాగ్రత్త. ఎవరో ఒకరు బటన్ తప్పుగా నొక్కిన రోజు, లేదా కరెంటు పోయి వచ్చాక పెట్టె తనంతట తాను మొదటి అమరికకు వెళ్లిన రోజు, ఆ సాకెట్ మీద 32 ఆంపియర్లు పడతాయి. కరెంటు పరిమితి మించితే సరఫరా తెంచే స్విచ్, అంటే ఎం.సి.బి., సరైనదైతే అది పడిపోతుంది, కాని ప్రతి ఇంట్లో ఎం.సి.బి. సరైనదే ఉంటుందన్న భరోసా లేదు. మంచి పెట్టెల్లో మార్చుకునే ప్లగ్ తలల లోపలే గుర్తింపు ఉంటుంది. చిన్న ప్లగ్ తగిలిస్తే పెట్టె దాన్ని గుర్తుపట్టి గరిష్ఠ కరెంటును తనే తగ్గించుకుంటుంది, బటన్‌తో పెంచుదామన్నా పెరగదు. మార్చుకునే ప్లగ్‌లున్న పెట్టె కొనేట్లయితే ఈ సదుపాయం ఉన్నదే కొనండి, లేకపోతే ఒకే ప్లగ్‌తో వచ్చే 16 ఆంపియర్లదే మేలు.

దానితో పాటు ప్లగ్ లోపల ఉష్ణోగ్రతను కొలిచే సెన్సార్ ఉన్నదా అని తప్పకుండా అడగండి. పెట్టె లోపల సెన్సార్ ఉండటం వేరు, గోడ సాకెట్‌లోకి వెళ్లే ప్లగ్‌లో ఉండటం వేరు. కాలేది పెట్టె కాదు, ప్లగ్. సెన్సార్ ఉన్నవి పిన్నులు వేడెక్కగానే కరెంటు తగ్గిస్తాయి, ఇంకా పెరిగితే ఆపేస్తాయి. ప్రకటనల్లో దీన్ని ఒక మూలన చిన్న అక్షరాల్లో రాస్తారు గానీ, నాకు మాత్రం రంగు తెర కన్నా ఇది వందరెట్లు ముఖ్యం.

మీరు ముందుగా చేయవలసింది, ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మెయిన్ ఆపించి, ఆ సాకెట్‌ను విప్పి చూపించమనండి. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగేనా, బోర్డు నుంచి నేరుగా వస్తోందా లేక మధ్యలో వేరే లైట్లకూ మోటారుకూ కలిపి ఉన్నదా, ఎర్త్ తీగ నిజంగా ఉన్నదా లేక పేరుకు రంధ్రం మాత్రమే ఉన్నదా అన్నవి చూడాలి. ప్లగ్ పెట్టే రంధ్రాల అంచున గోధుమ రంగు మచ్చ గానీ, ఇన్సులేషన్ చివర గట్టిపడి పెళుసుగా విరగడం గానీ కనిపిస్తే ఆ సాకెట్‌ను వెంటనే మార్చాలి.

కొత్తబండి

ఇద్దరికీ కృతజ్ఞతలు. సాకెట్ విప్పించి చూశాం. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిదే, బోర్డు నుంచి విడిగానే వస్తోంది, 16 ఆంపియర్ల ఎం.సి.బి. ఉంది. చిక్కల్లా ఎర్త్‌తోనే. తీగ ఉంది కాని బోర్డు దగ్గర కలిపి లేదు. వచ్చినతను న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ సాకెట్ లోపల ఒక చిన్న తీగతో కలిపేస్తే పెట్టె మీద ఎర్త్ లోపం దీపం ఆరిపోతుందని, చాలామంది అలాగే చేసుకుంటారని అన్నాడు. అలా చేయించుకోవచ్చా?

వైరింగ్‌మేస్త్రి

ఎట్టి పరిస్థితిలోనూ చేయించుకోకండి. ఇందులో రెండో మాటకు తావు లేదు.

సాకెట్‌లో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపితే ఏమవుతుందో చెబుతాను. బోర్డుకూ సాకెట్‌కూ మధ్య ఎక్కడైనా న్యూట్రల్ తీగ తెగిందనుకోండి. అప్పుడు కరెంటు ఫేజ్ నుంచి కారు గుండా వచ్చి న్యూట్రల్ వైపు వెళ్లే దారి లేక, మీరు కలిపిన ఆ చిన్న తీగ ద్వారా ఎర్త్ పిన్నులోకి, అక్కడి నుంచి కారు బాడీలోకి వచ్చి నిలుస్తుంది. టైర్లు రబ్బరువి కాబట్టి కారు అలాగే 230 వోల్టుల మీద కూర్చుని ఉంటుంది. నేల మీద కాలు పెట్టి తలుపు పిడి పట్టుకున్న మనిషే దానికి ఎర్త్ అవుతాడు. పెట్టెలోని రిలే కూడా కాపాడలేదు, ఎందుకంటే అది సాధారణంగా ఫేజ్‌నూ న్యూట్రల్‌నూ తెంచగలదు గాని ఎర్త్‌ను తెంచదు.

పెట్టె ఎర్త్ దీపం వెలిగించిందంటే మనల్ని విసిగించడానికి కాదు. మీకు తీగ ఎలాగూ ఉంది కాబట్టి దాన్ని బోర్డు దగ్గర ఎర్త్ బార్‌కు కలిపించి, ఎర్త్ గుంత నిరోధాన్ని మీటరు పెట్టి కొలిపించండి. ఇంటి యజమానికి చెప్పి చేయించవలసిన పని ఇది, ఇల్లు ఖాళీ చేసినా ఆ ఇంటికే మిగులుతుంది. ఎర్త్ పరీక్షను ఆపేసే అమరిక ఉన్నదని గొప్పగా రాసుకునే పెట్టెలు కూడా అంగట్లో ఉన్నాయి. అటువంటివాటి జోలికి వెళ్లవద్దు.

జవాబు: నిదానమేప్రధానం

ఇందరు ఇన్ని జాగ్రత్తలు చెప్పారు కాబట్టి నేను అసలు అవసరం ఎంతో లెక్క వేస్తాను, ఎందుకంటే విడిగా పెట్టె కొనాల్సిన పని ఉన్నదా అన్నదే నా అనుమానం.

ఒక మాదిరి కారు వంద కిలోమీటర్లకు సుమారు 15 యూనిట్లు తీసుకుంటుంది. రోజుకు 50 కిలోమీటర్లంటే 7.5 యూనిట్లు, ఛార్జింగులో పోయే నష్టాలు కలుపుకుంటే గోడ నుంచి తీసుకునేది 9 యూనిట్ల లోపు. కారుతో పాటు వచ్చే 10 ఆంపియర్ల పెట్టె 2.3 కిలోవాట్లు ఇస్తుంది, అంటే నాలుగు గంటల్లో మీ రోజు అవసరం తీరిపోతుంది. రాత్రి పడుకుని లేచేలోపు ఇంకా సగం సమయం మిగులుతుంది. 16 ఆంపియర్ల పెట్టెతో అదే పని రెండున్నర గంటల్లో అవుతుంది, కాని మీరు నిద్రలో ఉన్నప్పుడు ఆ గంటన్నర ఆదా ఎవరికి కావాలి?

తేడా తెలిసేది బ్యాటరీ పూర్తిగా అడుగంటినప్పుడే. 40 యూనిట్ల బ్యాటరీని ఖాళీ నుంచి నింపడానికి 10 ఆంపియర్లతో దాదాపు 20 గంటలు, 16 ఆంపియర్లతో 12 నుంచి 13 గంటలు, 32 ఆంపియర్లతో ఆరున్నర గంటలు పడుతుంది. దూరప్రయాణం నుంచి రాత్రి వచ్చి మళ్లీ తెల్లవారుజామున బయలుదేరేవారికి 32 అర్థవంతమే. మీరు అలా తరచుగా వెళ్లేవారైతే చెప్పండి, లేకపోతే కొన్నాళ్లు 10 ఆంపియర్లతోనే గడిపి చూసి, చాలకపోతే అప్పుడు కొనవచ్చు.

పైలట్‌తీగ

నిదానమేప్రధానం గారి లెక్కతో నాకు పేచీ లేదు, ఒక్క సవరణ మాత్రం చేస్తాను. మరీ తక్కువ కరెంటు కూడా లాభసాటి కాదు. ఛార్జింగు నడుస్తున్నంతసేపూ కారులోని కంప్యూటర్లు, కూలింగ్ పంపు మేలుకొని ఉంటాయి. వాటికి రెండు మూడు వందల వాట్లు తీసుకునే కార్లు సాధారణం. 6 ఆంపియర్ల మీద, అంటే 1.4 కిలోవాట్ల మీద ఛార్జ్ చేస్తే అందులో గణనీయమైన భాగం బ్యాటరీకి చేరకుండానే ఖర్చవుతుంది. 16 ఆంపియర్ల మీద ఆ వాటా బాగా తగ్గుతుంది. భద్రత కోసం 6కు తగ్గించుకుని వాడేవారున్నారు, వైరింగ్ అంత బలహీనంగా ఉంటే వైరింగ్ బాగు చేయించుకోవడమే సరైన దారి.

ఇంకో సంగతి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి చెబుతున్నాను, అది లీకేజీ రక్షణ. ఆన్‌బోర్డ్ ఛార్జర్‌లో లోపం వస్తే డీసీ కరెంటు ఏసీ వైపు లీక్ అయ్యే అవకాశం ఉంది. ఇళ్లల్లో ఉండే మామూలు ఏసీ రకం ఆర్.సి.సి.బి. (లీకేజీ కనిపిస్తే సరఫరా తెంచే స్విచ్) ఆ డీసీని గుర్తించలేదు సరికదా, దాని ప్రభావంతో అసలు ఏసీ లీకేజీ వచ్చినప్పుడు కూడా పడకుండా మొండికేయవచ్చు. టైప్ A అనే రకం ఆర్.సి.సి.బి. 6 మిల్లీ ఆంపియర్ల వరకు డీసీని తట్టుకుని సరిగ్గా పనిచేస్తుంది. అందుకని పెట్టెలో 30 మిల్లీ ఆంపియర్ల ఏసీ లీకేజీకీ, 6 మిల్లీ ఆంపియర్ల డీసీ లీకేజీకీ రెండింటికీ రక్షణ ఉన్నదని రాసి ఉండాలి, గోడ వైపు టైప్ A ఆర్.సి.సి.బి. ఉండాలి. పోర్టబుల్ పెట్టెలకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఇ.సి. 62752. పెట్టె వెనక లేబుల్ మీద ఆ అంకె ముద్రించి ఉన్నదా అని చూడండి, అమ్మకం పేజీలో రాయడం ఒక్కటే సరిపోదు. తయారీదారు ఎవరో, పరీక్షించిన సంస్థ ఏదో చెప్పలేని పెట్టెను ఎంత చవకగా ఇచ్చినా నేనైతే తీసుకోను.

కొత్తబండి

ఇప్పుడు దారి స్పష్టంగా కనిపిస్తోంది. ఎర్త్ తీగను బోర్డుకు కలిపించి, ఆర్.సి.సి.బి. మార్పించడానికి ఇంటి యజమాని ఒప్పుకున్నారు. మొదట కారుతో వచ్చిన 10 ఆంపియర్లదే వాడి, చాలకపోతే ప్లగ్‌లో సెన్సార్ ఉన్న 16 ఆంపియర్లది తీసుకుంటాను. రెండు చిన్న అనుమానాలు మిగిలాయి. కేబుల్ ఎంత పొడవుది తీసుకోవాలి? కారు ఆరుబయట ఉంటుంది కాబట్టి వానలో ఇబ్బంది ఉంటుందా? పెట్టెలు ఐపీ 67 అని రాస్తున్నారు.

వైరింగ్‌మేస్త్రి

పొడవు విషయంలో కాస్త ఉదారంగా ఉండండి. కారు ఛార్జింగ్ పోర్ట్ ఏ వైపు ఉన్నదో, ముందుకు నిలిపితే ఎంత, వెనక్కి నిలిపితే ఎంత దూరం అవుతుందో టేపుతో కొలిచి, దాని మీద మీటరు కలుపుకోండి. పొట్టి కేబుల్ కొని తర్వాత ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించడమే అన్నిటికన్నా చెడ్డ పని, అందులోనూ చుట్ట చుట్టిన ఎక్స్‌టెన్షన్ లోపల వేడి బయటకు పోలేక ఇన్సులేషన్ కరిగిపోతుంది. పొడవు ఎక్కువ కావలసింది పెట్టెకూ కారుకూ మధ్యనే. గోడ ప్లగ్‌కూ పెట్టెకూ మధ్య ఉండే తోక పొట్టిగానే ఉంటుంది కాబట్టి పెట్టె బరువు ప్లగ్ మీద వేలాడకుండా గోడకు ఒక కొక్కెం కొట్టించి దాని మీద నిలపండి. బరువుకు ప్లగ్ కిందికి వంగితే పై అంచున పిన్ను వదులవుతుంది, మొదట చెప్పిన కథ అక్కడే మొదలవుతుంది.

ఐపీ 67 అనేది పెట్టెకు మాత్రమే వర్తిస్తుంది. ఆ పెట్టెను మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా లోపలికి నీరు చేరదని దాని అర్థం. గోడ సాకెట్‌లో పెట్టిన మామూలు ప్లగ్‌కు ఆ రక్షణ లేదు. సాకెట్‌కు మూత ఉన్న వానపెట్టె పెట్టించండి, అది ప్లగ్ పెట్టిన తర్వాత కూడా మూసుకునేదై ఉండాలి. వీలైతే సాకెట్‌నే నీలం రంగు ఇండస్ట్రియల్ సాకెట్‌గా మార్పించుకుని, పెట్టెను కూడా ఆ ప్లగ్‌తో వచ్చేదే తీసుకోండి. గంటల తరబడి నిండు కరెంటు మోయడానికి తయారైనది అదే, పిన్నులు లావుగా ఉంటాయి, పట్టు గట్టిగా ఉంటుంది, మూత ఉన్నది కాబట్టి వానకూ ఆగుతుంది. రేపు 32 ఆంపియర్లకు వెళ్లదలచుకుంటే మాత్రం సాకెట్ మార్చితే సరిపోదు, బోర్డు నుంచి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కొత్తగా లాగించాలి, ఇంటి కనెక్షన్ అంత లోడు మోస్తుందో లేదో ముందే కనుక్కోవాలి.

మొదటి రాత్రి ఛార్జింగు పెట్టాక గంట ఆగి ప్లగ్ వెనక వైపు చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు. చెయ్యి ఆనించి ఉంచలేనంత వేడిగా ఉంటే కారు వైపు ఛార్జింగు ఆపి, ఎం.సి.బి. దించి, ఆ తర్వాతే ప్లగ్ తీయండి. నిండు కరెంటు పారుతుండగా ప్లగ్ లాగితే పిన్నుల దగ్గర మెరుపు వచ్చి రేకులు ఇంకా పాడవుతాయి.